గరిటె ఒకరిది, కలం ఒకరిది

కొన్ని పుస్తకాలు పడక్కుర్చీలో కూచుని చదవాలి, కొన్ని పొయ్యి దగ్గర నిలబడి చదవాలి. ఈసారి నేను మాట్లాడబోయే మూడు పుస్తకాలూ రెండోరకానివి. మూడూ అమెరికాలో అచ్చయినవే, మూడూ ఆడవాళ్ళు రాసినవే. ఒకటి 1847 నాటిది, ఒకటి 1970 నాటిది, ఇంకోటి 1992 నాటిది. మూడింటిలోనూ ఒక వంటకం ఉంది. దాని పేరు హాపింగ్ జాన్. గెంతే జాన్ అన్నమాట. నోటివాడుకలో ఒక అక్షరం మింగేసి హాపిన్ జాన్ అంటారు. పేరు విని ఏ సర్కసు బఫూనో అనుకునేరు! బొబ్బర్లూ బియ్యమూ కలిపి వండిన అన్నం, అంతే.

బొబ్బర్లంటే మీకు నేను చెప్పక్కర్లేదు. కొన్ని జిల్లాలవాళ్ళు అలసందలంటారు. తెల్లటి గింజ, దానిమీద కాటుకచుక్క పెట్టినట్టు నల్లటి మచ్చ. ఆ మచ్చని చూసే అమెరికావాళ్ళు దీనికి నల్లకన్ను గింజ అని పేరు పెట్టారు. మనం గుగ్గిళ్ళు చేసుకుంటాం, గారెలు వేసుకుంటాం, మన పెరట్లో పుట్టిందే అనుకుంటాం. కాని దీని పుట్టిల్లు ఆఫ్రికా. వేల ఏళ్ళ కిందటే మన దేశానికి వచ్చేసింది కనక పరాయిదన్న సంగతే మనకి గుర్తు లేదు. అమెరికాకి మాత్రం బానిసల ఓడల కాలంలో వెళ్ళింది. ఇక్కడికి వచ్చిన గింజా, అక్కడికి వెళ్ళిన గింజా అక్కచెల్లెళ్ళే, అత్తవారిళ్ళు వేరు.

ఈ పుస్తకాలు నాకు పంపించింది అట్లాంటాలో ఉంటున్న మా అక్క కూతురు. "పిన్నీ, ఇక్కడ డిసెంబరు నెలాఖరు వచ్చిందంటే చాలు, దుకాణాల్లో బొబ్బర్లు గుట్టలు పోస్తారు, మనకి సంక్రాంతికి చెరుకుగడల్లాగ" అని ఫోనులో చెప్పింది. ఆ దేశపు దక్షిణాది రాష్ట్రాల్లో జనవరి ఒకటో తారీఖున ఈ అన్నం తింటే ఏడాదంతా కలిసొస్తుందని నమ్మకం. బొబ్బర్లు నాణాలకి గుర్తు, పక్కన వండే ఆకుకూర నోట్లకి గుర్తు. మన ఉగాది పచ్చడిలో వేపపువ్వు కూడా వేస్తాం కదా, వీళ్ళ పండగలో చేదన్నది లేదేమిటా అనుకున్నాను. ఉంది. బానిసత్వం రోజుల్లో జనవరి ఒకటంటే బానిసల్ని ఏడాదికి ఇంతని అద్దెకిచ్చే రోజు. తల్లి ఒక ఊరికీ పిల్ల ఒక ఊరికీ వెళ్ళిపోయే రోజు. 1863లో అదే తారీఖున లింకన్ బానిసల విమోచన ప్రకటన మీద సంతకం పెట్టాడు. ఆ తారీఖున ఉడికే కుండలో ఈ రెండూ ఉన్నాయి.

ఒకే కథని ముగ్గురు రచయిత్రులు చెబితే ఎవరెలా చెప్పారో పోల్చి చూడ్డం విమర్శకుల పని. నేనిప్పుడు ఆ పనే ఒక వంటకంతో చెయ్యబోతున్నాను. నవలలు రాసేదానికి వంటపుస్తకాల మీద విమర్శ ఎందుకూ అని ఎవరైనా అంటే, నవలలు రాసిన చేత్తోనే 'వంటలు-పిండివంటలు' రాసిన మాలతీ చందూర్ గారు మనకి ఉండనే ఉన్నారు.

మొదటి పుస్తకం పేరు 'ది కరోలినా హౌస్‌వైఫ్'. సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్ రేవుపట్నంలో అచ్చయింది. రాసినావిడ శారా రట్లెజ్. కాని పుస్తకం మీద ఆ పేరు వెయ్యలేదు, చార్ల్‌స్టన్ వనిత ఒకరు అని మాత్రమే వేశారు. గొప్పింటి ఆడవాళ్ళ పేరు అచ్చులో కనబడకూడదన్న మర్యాద కాబోలు. ఎంత గొప్ప ఇల్లంటే, 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకాలు చేసినవాళ్ళందరిలోకీ చిన్నవాడు ఎడ్వర్డ్ రట్లెజ్ అనే ఆయన. ఈవిడ ఆయన కూతురు. మనుషులందరూ సమానంగా పుట్టారని రాసుకున్న కాయితం అది! నా చేతికొచ్చింది 1979లో సౌత్ కరోలినా విశ్వవిద్యాలయం ప్రెస్సువారు పాత ప్రతిని ఉన్నదున్నట్టు వేసిన అచ్చు.

ముందుమాట చిన్నదే గాని రెండుసార్లు చదవాలి. ఫ్రెంచివాళ్ళ వంటపుస్తకాలూ ఇంగ్లీషువాళ్ళ వంటపుస్తకాలూ ఆ దేశాల పనివాళ్ళకోసం రాసినవనీ, వాటికి కావలసిన సరంజామా మనకి దొరకదనీ, దొరికినా మన వంటవాళ్ళకి అది కొరుకుడుపడదనీ అంటుంది ఆవిడ. అందుకే మన ఇళ్ళల్లో నడిచే వంటలు పోగుచేశానంటుంది. వరిబియ్యంగాని మొక్కజొన్నగాని కలిసే వంటకాలే దాదాపు నూరున్నాయని లెక్క చెబుతుంది. ఆ వంటవాళ్ళ ప్రస్తావన అంతటితో సరి. వాళ్ళెవరో, పేర్లేమిటో, ఎవరి చేతి వంట ఎవరిదో పుస్తకంలో ఎక్కడా లేదు.

ఇక హాపింగ్ జాన్. ఆవిడ చెప్పిన పద్ధతిని నా మాటల్లో చెబుతాను. ఒక పైంటు ఎర్ర బొబ్బర్లు, ఒక పైంటు బియ్యం, ఒక పౌను బేకన్ తీసుకోవాలి. బేకనంటే ఉప్పు పట్టించి పొగపెట్టిన పందిమాంసం. పైంటంటే అరలీటరుకి ఓ గుక్కెడు తక్కువ. ముందుగా బొబ్బర్లు ఒక క్వార్టు నీళ్ళలో, అంటే రెండు పైంట్ల నీళ్ళలో, పొయ్యిమీద పెట్టాలి. అవి సగం ఉడికాక మాంసం వెయ్యాలి. బొబ్బర్లు బాగా ఉడికాక కడిగి గాలించిన బియ్యం పొయ్యాలి. అరగంట ఉడికాక కుండని మంటమీంచి దించి, విడిగా అన్నం వండేటప్పుడు చేసినట్టే నిప్పులమీద మగ్గనివ్వాలి. నీళ్ళు మరీ ఇగిరిపోతే కాసిని వేణ్ణీళ్ళు కలపాలి. ఉప్పు, మిరియాలు, ఇష్టమైతే పుదీనా రెమ్మ. వడ్డించేటప్పుడు అన్నం, బొబ్బర్లు కింద, మాంసం పైన.

చూశారా ఎంత పొందిగ్గా ఉందో! ఒక్క మాట ఎక్కువ లేదు. కథలు రాసేవాళ్ళు ఈ పొదుపు చూసి నేర్చుకోవలసిందే. కాని కథలు రాసేదాన్ని కనక నాకింకో జబ్బు ఉంది. ఏ మాట ఎవరి నోట్లోంచి వచ్చిందో వినబడుతుంది. ఈ నాలుగు వాక్యాల్లో నాకు ఇద్దరి గొంతులు వినబడ్డాయి.

బియ్యంలో రాళ్ళు తియ్యడానికి ఆవిడ వాడిన ఇంగ్లీషు మాట ఇప్పటి నిఘంటువులో వెదికినా ఆ అర్థంలో సులువుగా దొరకదు. మనకి మాత్రం అచ్చంగా సరిపోయే మాట ఉంది, గాలించడం. పళ్ళెంలో నీళ్ళు పోసి, బియ్యాన్ని అలలా కదుపుతూ పైకి తేలిన బియ్యాన్ని వేరే గిన్నెలోకి వంచుతూ పోతే చివరికి రాళ్ళు అడుగున మిగులుతాయి. మిల్లుబియ్యం రాకముందు మన ఇళ్ళలో రోజూ జరిగిన పనే. చూసి నేర్చుకోవాలిగాని చదివి నేర్చుకునేది కాదు. అలాంటి పనికి ఒక్కమాటలో పేరుందంటే, ఆ పని రోజూ చేసేవాళ్ళు పెట్టుకున్న పేరే అయివుండాలి.

ఇక వేణ్ణీళ్ళ సంగతి. పైంటు బొబ్బర్లకి రెండు పైంట్ల నీళ్ళు చాలవని ఒక్కసారైనా పప్పు ఉడకేసినవాళ్ళకి తెలుసు. అందులో మళ్ళీ పైంటు బియ్యం ఉడకాలి. కొలత చెప్పినవాళ్ళు కాయితం మీద చెప్పారు. నీళ్ళు ఇగిరిపోతే వేణ్ణీళ్ళు పొయ్యమన్నవాళ్ళు కుండలోకి తొంగిచూసి చెప్పారు. అందులోనూ చన్నీళ్ళు కాదు, వేణ్ణీళ్ళు. ఉడుకుతున్న పప్పులో చన్నీళ్ళు పోస్తే బిర్రబిగుసుకుపోతుందని మా అమ్మ కూడా అనేది. ఆ చిన్న సవరణ వంటమనిషిది. నిప్పులమీద మగ్గనివ్వడం, విడిగా అన్నం వండేటప్పుడు చేసినట్టే అనడం, అదీ వంటమనిషిదే. తెలిసినవాళ్ళు తెలిసినవాళ్ళతో మాట్లాడే తీరు అది.

చివరి వాక్యం మాత్రం యజమానురాలిది. మాంసం పైన కనబడాలి అన్న పట్టింపు భోజనాల బల్ల దగ్గర కూచునేవాళ్ళకి ఉంటుందిగాని పొయ్యి దగ్గర నిలబడేవాళ్ళకి ఉండదు. వంటింట్లో మొదలైన వంటకం భోజనాలగదిలో ముగిసింది.

ఆ రెండో గొంతు ఎందుకు పుస్తకం రాయలేదు అని అడక్కండి. సౌత్ కరోలినాలో బానిసలకి రాయడం నేర్పకూడదని 1740లోనే చట్టం చేశారు. 1834లో చదవడం కూడా నేర్పకూడదని ఇంకో చట్టం చేశారు. ఈ పుస్తకం వచ్చింది దాని తరవాత పదమూడేళ్ళకి. అంటే ఆ ఇళ్ళలో వండే మనిషికి తన వంటనే అచ్చులో చదువుకునే దారి చట్టప్రకారం మూసేశారు. యజమానురాలు పుస్తకం తెరిచి చదివి వినిపించాలి, ఈవిడ తనకి తెలిసిందే కొత్తగా విన్నట్టు తలూపాలి. నాకీ దృశ్యం ఏ నవలలోనూ దొరకలేదు. వంటపుస్తకంలో దొరికింది.

ఆ ప్రాంతానికి డబ్బు వచ్చిందే వరిమీద. తీరంవెంట బురదనేలల్ని కట్టలు కట్టి మళ్ళు చేసి, సముద్రపు పోటుకి ఎగదన్నే నది నీళ్ళని తూములతో పెట్టి తీసి పండించారు. దోమలు, మలేరియా, మోకాటిలోతు బురద. కోత అయ్యాక రోళ్ళలో పోసి దంచాలి. గడ్డితో అల్లిన వెడల్పాటి చేటలతో చెరగాలి. ఆ అల్లిక పని ఈనాటికీ చార్ల్‌స్టన్ చుట్టుపక్కల నల్లజాతి ఆడవాళ్ళు చేసి అమ్ముతున్నారు. ఈ సేద్యం తెలివి ఎవరిదన్న దానిమీద పెద్ద వాదం ఉంది. పీటర్ వుడ్ 1974లో, జూడిత్ కార్నీ 2001లో, ఇది పశ్చిమాఫ్రికా రైతుల పరిజ్ఞానమేనని పుస్తకాలు రాశారు. అక్కడ వరి ఎన్నో శతాబ్దాలుగా సొంతపంట, ఆసియా వరి కాదు, వేరే జాతి వరి. 2007లో మరో ముగ్గురు చరిత్రకారులు ఓడల లెక్కలు తిరగేసి, వరి పండించే ప్రాంతాలవాళ్ళనే ఏరి తెచ్చారనడానికి ఆధారం చాలదన్నారు. పొలం తగువు పండితులు తేల్చుకోనివ్వండి. కుండ తగువు మాత్రం అంత చిక్కు కాదు. సెనెగల్‌లో ఈనాటికీ వరన్నం, బొబ్బర్లు కలిపి చేబు నియేబే అని వండుతారు. ఘనాలో వాచే అని వండుతారు. చార్ల్‌స్టన్‌లో వండేది హాపిన్ జాన్. పేర్లు మూడు, కుండ ఒకటే.

ఇప్పుడు రెండో పుస్తకానికి వస్తాను. నాకు ముగ్గురిలోకీ ఈవిడే ఎక్కువిష్టం, ఈవిడతోనే ఎక్కువ పోట్లాట కూడా. పేరు వర్టమే స్మార్ట్-గ్రోవ్‌నర్. సౌత్ కరోలినా తీరప్రాంతంలో పుట్టింది. అక్కడి నల్లజాతివాళ్ళని గల్లా అనీ గీచీ అనీ అంటారు, వాళ్ళకో ప్రత్యేకమైన మాండలికం కూడా ఉంది. ఈవిడ నటి, రేడియోలో మంచి పేరున్న మనిషి, చిన్నవయసులోనే పారిస్ వెళ్ళి బతికింది, 2016లో చనిపోయింది. 1970లో వచ్చిన పుస్తకం పేరు 'వైబ్రేషన్ కుకింగ్'. ఒక గీచీ పిల్ల ప్రయాణాల రాతలు అని దాని ఉపశీర్షిక. తను దేన్నీ కొలవననీ తూచననీ, లోపలినించి ఒక ప్రకంపన వస్తే దాన్నిబట్టి వండుతాననీ మొదట్లోనే చెప్పేస్తుంది. తెల్లవాళ్ళు తిండిని తామే కనిపెట్టినట్టు మాట్లాడతారని వెక్కిరిస్తుంది. మనం చెయ్యివాటం అంటాం చూడండి, ఆవిడ ప్రకంపన అదేనన్నమాట.

హాపిన్ జాన్‌కి ఈవిడ కేటాయించిన చోటు రెండుమూడు ముక్కలు. బొబ్బర్లు ఉడికించు, అవి అయిపోవస్తుంటే బియ్యం వెయ్యి, కలుపు, రుచి సరిచూసుకో. అంతే! ఆ తరవాత గబగబా బియ్యం కబుర్లలో పడిపోతుంది. పదహారేళ్ళు వచ్చేదాకా లోకంలో అందరూ రోజూ అన్నమే తింటారనుకున్నానని చెబుతుంది. ఇవాళ భోజనంలోకి ఏమిటి అంటే కూర పేరు చెబితే చాలట, అన్నం ఉండనే ఉంటుంది కదా. ఇది చదివి నేను పుస్తకం మూసి నవ్వుకున్నాను. మన ఇళ్ళలోనూ అంతే. ఇవాళేం వండారు అంటే వంకాయకూర అంటాం, అన్నం అని ఎవరంటారు?

ఇది వంటపుస్తకమేనా అని విసుక్కునేవాళ్ళకి నేను అడ్డు చెప్పను. మేనత్తలూ అమ్మమ్మలూ స్నేహితురాళ్ళూ వస్తారు పోతారు, రైలు ప్రయాణాలు, అద్దె కొంపలు, ఉత్తరాలు, మధ్యలో ఎక్కడో ఒక కూర. ఆ పుస్తకం చూసి వంట మొదలుపెట్టే కొత్తకాపరం పిల్లకి అడుగు మాడిన గిన్నె తప్ప ఏమీ మిగలదు. ఎన్ని నీళ్ళు? ఎంతసేపు? మూత పెట్టాలా వద్దా? ఒక్కదానికీ జవాబు లేదు. తెలిసినదాన్ని తెలియనివాళ్ళకి చెప్పేటప్పుడు కాస్త ఓపిక ఉండాలి. ఆవిడకి ఆ ఓపిక లేదు. ఇది ఆ పుస్తకం లోపమే, దాన్ని శైలి అని పొగిడే విమర్శకులతో నేను ఏకీభవించను.

కాని ఒకటుంది. రట్లెజ్ పుస్తకంలో కొలతలన్నీ ఉన్నాయి, మనుషులే లేరు. ఈ పుస్తకంలో కొలతలు లేవుగాని ప్రతి కూరకీ ఒక మనిషుంది, మనిషికో పేరుంది. వంట నేర్పిందెవరో, ఎవరింట్లో తిన్నదో, వాళ్ళు ఎలా నవ్వేవారో చెప్పకుండా ఆవిడ ఒక్క గిన్నె కూడా దించదు. 1847లో వేణ్ణీళ్ళ వాక్యంలో దాక్కున్న గొంతు 1970లో బల్లమీద చెయ్యివేసి మాట్లాడింది. తన పేరు తానే పెద్దక్షరాల్లో వేసుకుంది. సాహిత్యం అనే మాట ఈ మూడు పుస్తకాల్లో దేనికైనా వాడాలంటే నేను దీనికే వాడతాను.

మూడోది కారెన్ హెస్ రాసిన 'ది కరోలినా రైస్ కిచెన్'. ఆఫ్రికా సంబంధం అని ఉపశీర్షిక పెట్టి, చెప్పదలుచుకున్నది అట్టమీదే చెప్పేసింది. ఈవిడ పాతకాలపు వంటల చరిత్ర తవ్వే పండితురాలు. 1901లో చార్ల్‌స్టన్‌లో ఒక ప్రదర్శనకోసం శ్రీమతి స్టోనీ అనే ఆవిడ కూర్చిన బియ్యపు వంటల చిన్నపుస్తకం ఒకటుంది. దాన్ని మళ్ళీ అచ్చువేస్తూ, దానికి ముందు అంతకు ఎన్నో రెట్ల వ్యాఖ్యానం రాసింది. మన కావ్యాలకి పూర్వం టీకాలు రాసేవారే, ఆ బాపతు. వంటపుస్తకానికి టీక! హాపిన్ జాన్‌కి ఒక పెద్ద అధ్యాయమే ఇచ్చింది.

ఆవిడ వాదం సూటిగా ఉంటుంది. ఈ పుస్తకాల మీద దొరసానుల పేర్లున్నా ఆ వంటిళ్ళలో వండినవాళ్ళు ఆఫ్రికన్ ఆడవాళ్ళు, వాళ్ళ చెయ్యి తగలకుండా ఈ రుచి రాదు అంటుంది. పాత పుస్తకాల్లోంచి, ప్రయాణీకుల రాతల్లోంచి, ఓడల దారుల్లోంచి సాక్ష్యాలు తెచ్చి పోస్తుంది. అయితే పేర్లు మాత్రం ఈవిడకీ దొరకలేదు. ఎలా దొరుకుతాయి, రాసినవాళ్ళుంటే కదా! పుస్తకమంతటా ఆ లోటు కనబడుతూనే ఉంటుంది. కుట్టుపని చూపించి, కుట్టిన మనిషి లోపలుంది అన్నట్టు.

పేరు సంగతి కూడా హెస్ తేల్చడానికి చూసింది. జాన్ పేరు మీద పిట్టకథలు చాలా ఉన్నాయి. జాన్ అనే కుంటివాడు వీధుల్లో అమ్మేవాడని ఒకటి, పిల్లలు బల్లచుట్టూ గెంతితేగాని వడ్డించేవారు కాదని ఒకటి. కందిగింజకి ఫ్రెంచివాళ్ళు వాడే మాట నలిగి ఇలా అయిందని ఇంకొకటి. హెస్ ఇవన్నీ పక్కకి నెట్టి, 'బహట్టా కచాంగ్' అనే మాటనించి వచ్చిందంటుంది. బహట్టా అంటే మన భాత్, అన్నం. కచాంగ్ అంటే మలయా భాషలో పప్పుగింజ. ఈ రెండూ కలిసి ఓడలెక్కి, చేతులు మారి, కరోలినా చేరేసరికి హాపింగ్ జాన్ అయ్యాయట. మన భాత్ అంతదూరం వెళ్ళిందంటే గర్వపడాలని నాకూ ఉంది. కాని నమ్మకం కుదరలేదు. మిగతా పుస్తకమంతా కాయితం చూపించందే ముందుకు కదలని మనిషి, ఇక్కడ మాత్రం చెవికి ఇంపుగా ఉందని గెంతేసింది. ఆఫ్రికా కుండకి పేరు పెట్టడానికి ఇండియానించీ మలయానించీ మాటలు అరువు తేవలసిన అవసరం ఏమిటో నాకర్థం కాలేదు. ఈ పుస్తకంలో నాకు నచ్చని అధ్యాయభాగం ఇదొక్కటే, మిగతాది కళ్ళకద్దుకోవచ్చు.

మూడు పుస్తకాలూ ముందు పెట్టుకుని వండి చూశాను. మా ఇంట్లో మాంసం వండం కనక ఆ మేరకి నా తీర్పు ఒక కాలు లేని కుర్చీ. రట్లెజ్ చెప్పినట్టు బొబ్బర్లూ బియ్యమూ సమానంగా వేస్తే అది బియ్యం తక్కువైన పులగంలా ఉంటుంది, ఒక్క గిన్నెడు తింటే సాయంత్రం దాకా ఆకలి మాటే ఉండదు. ఇప్పటివాళ్ళు బొబ్బర్లు తగ్గించేశారు. మన నల్లమచ్చ బొబ్బర్లతో ఉడికిన నీళ్ళు బూడిదరంగుకి తిరుగుతాయి, అన్నానికీ ఆ రంగే పడుతుంది. ఎర్ర బొబ్బర్లయితే అన్నం ఎర్రటి గోధుమరంగులో ముచ్చటగా ఉంటుంది. అసలు పాత పద్ధతి ఎర్రవాటితోనే.

కిటుకంతా బొబ్బర్లు ఉడికిన నీళ్ళని పారబొయ్యకపోవడంలో ఉంది. రాత్రి నానబెట్టిన బొబ్బర్లు మెత్తబడి, చితక్కుండా ఉన్నప్పుడు ఆ నీళ్ళు కొలుచుకోవాలి. కప్పు బియ్యానికి రెండు కప్పులు ఉండాలి, తక్కువైతే వేణ్ణీళ్ళు కలుపుకోవాలి. బియ్యం పోసి, మూతపెట్టి, సన్నసెగమీద ఇరవై నిమిషాలు వదిలెయ్యాలి. మధ్యలో మూత తియ్యకూడదు, గరిటె పెట్టకూడదు. మెతుక్కి మెతుకు అంటకుండా ఉండాలని చార్ల్‌స్టన్‌వాళ్ళ పట్టుదల. రట్లెజ్ చెప్పిన అరగంట ఉడుకు మన సోనామసూరికి పెడితే జావే. ఆవిడ బియ్యం వేరు. కరోలినా గోల్డ్ అని బంగారురంగు పొట్టున్న వడ్లు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ సేద్యం అడుగంటిపోయింది. 1980ల్లో సవానాకి చెందిన రిచర్డ్ షుల్జ్ అనే కంటిడాక్టరు, తన చెరువులోకి బాతులొస్తాయని, ప్రభుత్వపు విత్తనాల నిల్వలోంచి గుప్పెడు తెప్పించి నాటితే మళ్ళీ బతికింది. బాతుల పుణ్యమా అని ఇవాళ ఖరీదైన హోటళ్ళవాళ్ళు దాన్ని గొప్పగా వడ్డిస్తున్నారు.

మాంసం లేకపోతే ఏం పోతుందో కూడా వండితేనే తెలిసింది. ఉప్పు, కొవ్వు, పొగ. ఈ మూడూ లేకపోతే బొబ్బర్లకున్న మట్టివాసన పైకి తేలుతుంది. అందుకే ఒక ముక్కయినా పడాలనుకునేవారు. అయితే ఒక కుండకి పౌను మాంసమన్నది పెద్దింటి లెక్క. తోటల్లో పనిచేసే బానిసలకి మాంసం కొలిచి ఇచ్చేవారు. వాళ్ళ కుండలో పడింది వాసనకి సరిపడా ఒక ముక్క అయివుంటుంది, అదీ పైన కనబడేలా పరిచేది కాదు, అడుగున కలిసిపోయేది. ఇప్పుడు పందిమాంసం తినని నల్లజాతి కుటుంబాల్లో పొగపెట్టిన టర్కీకోడి ముక్క వేస్తారని మా అక్క కూతురు చెప్పింది. నేను ఒక నిప్పుకణిక చిన్నగిన్నెలో పెట్టి, దానిమీద నెయ్యిచుక్క వేసి, అన్నంలో ఉంచి మూతపెట్టాను. పొగ పట్టింది, కొవ్వు లోటు తీరలేదు. ఉల్లిపాయ, ఎండుమిరపకాయ బొబ్బర్లతో పాటే వేస్తే సగం దారికి వచ్చింది.

ఇంక పుదీనా. 1847 నాటి ఆ రెమ్మ వర్టమే చెప్పిన ముక్కల్లో లేదు, ఇప్పుడు వండేవాళ్ళ దగ్గరా చాలావరకు కనబడదు. ఎక్కడ రాలిపోయిందో! మొత్తం పద్ధతిలో ఇష్టమైతే అన్నమాట ఉన్నది ఆ ఒక్కచోటే. మిగతాదంతా ఇలా చెయ్యి, అలా చెయ్యి అనే ఆజ్ఞ. ఆ ఇష్టం తినేవాళ్ళదా, వండేవాళ్ళదా అని చాలాసేపు ఆలోచిస్తూ నిలబడ్డాను, ఈలోపు అన్నం మగ్గింది. నాలుగాకులు తుంచి వేశాను. వేడికి ఆకు వాడి వాసన లేచేసరికి మావారు పేపరు పక్కన పెట్టి వచ్చి కూచున్నారు. మర్నాటికి మిగిలిన అన్నాన్ని అక్కడివాళ్ళు స్కిప్పిన్ జెన్నీ అంటారు, జాన్ గెంతితే జెన్నీ దూకుతుంది కాబోలు. దానికి నేను ఆవాలు, కరివేపాకు వేసి పోపు పెట్టాను. పుదీనా ఉన్న అన్నానికి ఇంగువ మాత్రం వెయ్యకండి, రెండూ కొట్టుకుంటాయి.